వంకర స్ట్రాబెర్రీ

ఇయ్యాల పోస్టు రైతులకన్నా ఇంట్లో చిన్నపిల్లలున్నోళ్ళకు ఎక్కువ పనికొస్తది.

పోయిన ఆదివారం ఎన్టీఆర్ నగర్ మార్కెట్ల దోసకాయ దింపి, ఎల్బీనగర్‌ల మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌ల బిడ్డ ఇంటికి పోయిన. మెట్రో దిగంగనే తోపుడు బండి మీద స్ట్రాబెర్రీ డబ్బాలు. మహాబలేశ్వరం సరుకు అన్నడు. చలికాలం పంట కదా, మన లంబసింగి దిక్కు కూడా పండిస్తున్నరు. ఒక డబ్బా తీసుకున్న.

మనవరాలికి ఐదేండ్లు. స్ట్రాబెర్రీ అంటే దానికి తెలిసింది ఐస్‌క్రీమే. ఒకటి కొరికి మొఖం ముడిచింది. "తాతా, ఇది అసలుది కాదు, పుల్లగుంది" అన్నది!

తిను తిను అని బలవంతం చెయ్యలే. మీరు కూడా చెయ్యకండి, ముందు చూడనియ్యండి. "జామకు గింజలు లోపలుంటయ్, దీనికి ఎక్కడున్నయో చెప్పు" అన్న. బయటున్నయని ఎగిరి గంతేసింది. లెక్కపెట్టుమంటే ఇరవై తొమ్మిది తర్వాత ఇరవై పది అన్నది. పెద్ద పండుకు 200 దాకా ఉంటయ్. నిజానికి ఆ గింజ ఒక్కొక్కటే ఒక కాయ. మనం తినే ఎర్రటి గుజ్జు, పువ్వు కూర్చునే పీట ఉబ్బితే వచ్చింది. ఇంకోమాట, మామిడి లెక్క ఇది కోసినాక మాగదు. తెల్లగున్నది ఇంట్ల పెడితే తియ్యగ కాదు, డబ్బా అడుగు చూసి కొనండి. మరీ చిన్నపిల్లలకు ముక్కలు కోసి పెట్టండి, గొంతుకు అడ్డం పడొచ్చు.

అంతల ఒక వంకర పండు తీసింది. "ఇదెందుకు ఇట్లుంది?"

"తేనెటీగ పువ్వంతా తిరిగితే అన్ని గింజలు కడతయ్. గింజ కట్టిన కాడనే గుజ్జు ఉబ్బుతది. కట్టని కాడ నొక్కుకపోతది."

"నీ దోసకాయలకు తేనెటీగలు వస్తయా తాతా?"

నోట మాట రాలే. కిందటి నెల పూత నిండుగున్నప్పుడు పొద్దున ఎనిమిదింటికి మందు కొట్టిన. కూలీలు ఆ టైముకే దొరికిండ్రు. దోసపువ్వు విచ్చేది, ఈగలు తిరిగేది గూడ పొద్దుననే. తెలిసే కొట్టిన. తర్వాత గంపలకొద్ది వంకర కాయలు. మార్కెట్ల ఏరి పక్కకు పడేస్తుంటే విత్తనాన్ని తిట్టుకున్న.

"రావట్లే బిడ్డా. నేనే మందు కొట్టిన."

కాసేపు చూసి, ఆ వంకర పండు నా చేతుల పెట్టింది. "ఇది నువ్వే తిను."

తిన్న. ఇప్పుడు పొద్దువాలినాకనే కొడుతున్న. ఈ కోతలయితే తేడా ఇంకా కనపడలే.