కాటా దగ్గర కృపాసత్యములు



మాది ఎడ్లపాడు. గుంటూరు నుండి చిలకలూరిపేట వెళ్ళే జాతీయ రహదారి మీద, కొండవీటి కొండలు కనిపించే ఊరు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడి మా జిల్లా పేరు మారింది గాని పంటలు మారలేదు. మా ఇద్దరికీ తెలిసిన వ్యవసాయమంతా పత్తి, మిరప. రెండెకరములు సొంతము, మూడెకరములు కౌలు.

యోహాను సువార్త మొదటి అధ్యాయము ప్రతి క్రిస్మసుకు మా దేవాలయములో చదువుతారు. వాక్యము శరీరధారియైన సంగతి, ఆయన కృపాసత్యములతో నిండియున్న సంగతి చిన్ననాటి నుండి వింటున్నాము. అలవాటైన మాట గనుక చెవి దాటి లోపలికి పోలేదు. 2018వ సంవత్సరము డిసెంబరులో, ఆ అధ్యాయము మరల చదవబోయే వారమునకు ముందు, మా పొలములో జరిగిన ఒక సంగతి వ్రాయుచున్నాము.

పత్తి తీసే స్త్రీలు నడుముకు ఒడి కట్టుకొని తీస్తారు. సాయంత్రము గట్టు మీది వేపచెట్టు కొమ్మకు కాటా తగిలించి ఎవరి మూట వారికి తూస్తాము. ఆ సంవత్సరము కిలోకు ఎనిమిది రూపాయలు. మంచు ఆరకముందే తీస్తే పత్తి బరువు తూగుతుంది గనుక కూలీలు పెందలకడే వస్తామంటారు. మంచు ఆరిన తరువాతనే రమ్మని రైతులము అంటాము. సి.సి.ఐ. వారు 8 శాతము తేమ వరకే పూర్తి ధర ఇస్తారు, 12 శాతము దాటితే అసలు కొనరు. కాబట్టి పత్తి తేమ దగ్గర రైతుకూ కూలికీ ఎప్పుడూ పేచీయే.

ఆ రోజు ఒక చెల్లెలి మూట ఇరవయ్యారు కిలోలు తూగింది. ఆమె మా సంఘస్థురాలే. మమ్మును అన్నా, వదినా అని నోరారా పిలిచేది. మూట అడుగున చెయ్యి పెడితే తడి తగిలింది. విప్పి దులిపితే తడిసిన పత్తి మధ్య ఒక రాయి. రెండు కిలోల మోసము ఉంటుందేమో.

"ఈ ఒక్క రోజే అన్నా" అన్నది ఆమె, తల ఎత్తకుండా.

"సంఘములో ఉండి ఇదేమి పని?" అన్నాము. పదిమంది స్త్రీలు చూస్తుండగా రాయిని గట్టు మీద పెట్టాము. ఆ రోజు కూలి లేదన్నాము, రేపటి నుండి రావద్దన్నాము. ఆమె ఒడి విప్పుకొని వెళ్ళిపోయింది.

అంతటితో ఆగినా కొంత మేలే. బుధవారము ప్రార్థన కూటములో ఆమె పేరు చెప్పి, "ఆ సహోదరి కొరకు ప్రార్థించండి, శోధనలో పడింది" అన్నాము. ఏమి శోధన అని అడిగారు, చెప్పాము. ప్రార్థన విన్నపము పేరుతో ఊరి మాట మోయుట మన కూటములలో ఎంత సులువో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. క్రిస్మసు ఆరాధనకు ఆమె రాలేదు. తరువాతి ఆదివారములకూ రాలేదు. సత్యము పక్షముగా నిలిచామని మేము నెమ్మదిగానే ఉన్నాము.

మార్చిలో మిరప కల్లము ఎత్తుతున్నాము. ఎండిన కాయ టిక్కీలలో తొక్కేటప్పుడు విరిగిపోకుండా ముందు కొద్దిగా నీళ్ళు చల్లుట అందరూ చేసేదే. మేమూ చల్లాము. కల్లములో పని చేస్తున్న ఒక పెద్దామె బిందె చంకన పెట్టుకొని, ఏ ఎత్తిపొడుపూ లేకుండా అడిగింది: "విరగకుండా అయితే సరిపోయింది. బరువుకు ఇంకో నాలుగు చెంబులు చల్లమంటారా అన్నా? నిరుడు చల్లాం గదా."

నిరుడు చల్లిన మాట నిజము. అంతకు ముందు సంవత్సరమూ చల్లాము. బిందె దించమని ఆమెతో చెప్పి చాలాసేపు ఇద్దరమూ ఒకరి ముఖము ఒకరు చూడలేకపోయాము.

ఆ రాత్రి పత్తి లెక్కల పుస్తకము తీశాము. అందులో అన్నీ నిండు కిలోలే! ఇరవయ్యారు కిలోల ఏడు వందలు తూగితే ఇరవయ్యారని వ్రాసేవాళ్ళము. మిగిలినది తరుగు. ఊరిలో అందరూ అట్లాగే వ్రాస్తారు. మా పత్తి కొన్న వ్యాపారి క్వింటాలుకు రెండు కిలోలు తరుగు తీశాడని మేమే వారము రోజులు వాపోయాము, మా పుస్తకములోని తరుగు మాత్రము కంటికి కనబడలేదు. రోజుకు సగటున అరకిలో అనుకొన్నా, ఆ చెల్లెలు వచ్చిన పద్నాలుగు రోజులకు ఏడు కిలోలు, అంటే ఏబదియారు రూపాయలు. ఆమె రాయి, నీళ్ళు కలిపి మా నుండి తీసుకోబోయినది పదహారు రూపాయలు. మిగిలిన పదిమంది ఇరవై రోజులు తీశారు. వారికి తీసిన తరుగు ఎనిమిది వందలు.

యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయము ఆ రాత్రి మరల చదువుకొన్నాము. రాళ్ళు పట్టుకొన్నవారందరూ వెళ్ళిపోయిన తరువాతనే ప్రభువు ఆ స్త్రీతో ఆమె పాపమును గూర్చి మాట్లాడెను. ఇన్నేళ్ళు చదివినా ఆ వరుస మేము గమనించలేదు. మేమైతే పదిమందిని నిలబెట్టి, రాయిని గట్టు మీద పెట్టి మాట్లాడాము.

మరునాడు పాస్టరుగారి దగ్గరకు వెళ్ళి, ఆమెను పిలిపించండి, పెద్దల ఎదుట ఆమె తప్పు ఆమె, మా తప్పు మేము ఒప్పుకొంటాము, అప్పుడు డబ్బు ఇచ్చేస్తామని చెప్పాము. అది ఎంతో న్యాయముగా ఉందని మా ఉద్దేశము. ఆయన ఒంగోలు సంగతి ఎత్తారు. మేము లూథరను సంఘస్థులము, 1842లో గుంటూరు వచ్చిన హెయ్యరు దొరగారి చరిత్ర ఎరుగుదుము గాని బాప్టిస్టువారి సంగతి అంతగా తెలియదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసుకొని వేలమందికి పని చూపించారట. ఆకలితో ఉన్నవారు బాప్తిస్మము కూడా అడిగితే, కరువు పని సాగినంత కాలము ఇవ్వలేదట. కూలి కూలిగానే ఇచ్చారు. కరువు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

"కూలికీ మారుమనస్సుకూ ఆయన ముడిపెట్టలేదు" అన్నారు పాస్టరుగారు. "మీరు ఇవ్వవలసినది ఇచ్చి రండి. ఆమె ఒప్పుకొంటుందో లేదో మీ పుస్తకములోని లెక్క కాదు."

మొదట మిగిలిన పదిమందికీ ఇచ్చాము. బుధవారము కూటములో, ఆమె పేరు ఎత్తిన చోటనే, మా నీళ్ళ చెంబు సంగతి, తరుగు సంగతి చెప్పుకొన్నాము. ఇద్దరు రైతులకు కోపము వచ్చింది. "మీరు గ్రాములు వ్రాస్తే రేపు మా కూలీలు మమ్మును అడగరా?" అన్నారు. వారిలో ఒకరు మాతో మాట్లాడుట మానివేసి చాలా కాలమయినది.

చివరకు ఆమె ఇంటికి వెళ్ళాము. ఆమె పొయ్యి దగ్గర నుండి లేవలేదు, కూర్చోమని కూడా అనలేదు. నిలబడే చెప్పాము: తరుగు తీసినది తప్పు, పదిమందిలో నిన్ను నిలబెట్టినది తప్పు, కూటములో నీ పేరు ఎత్తినది ఇంకా తప్పు. ఏబదియారు రూపాయలు పొయ్యిగడ్డ మీద పెట్టాము. రాయి సంగతి మేము ఎత్తలేదు.

ఆమె డబ్బు లెక్క చూచుకొన్నది.

"ఎన్ని రోజులకు వదినా ఇది?"

"పద్నాలుగు రోజులకు."

"నేను వచ్చింది పదిహేను."

మాకు వెంటనే తట్టలేదు. పదిహేనవ రోజు పుస్తకములో లేదు. రాయి దొరికిన రోజు అది. ఆ రోజు ఆమె తీసిన పత్తి మా రాశిలో కలిసింది, మా లెక్కలో అమ్ముడుపోయింది. కూలి మాత్రము ఇవ్వలేదు. ఆ సంగతి అంతవరకు మాకు గుర్తే రాలేదు.

"ఇరవయ్యారు తూగింది ఆ రోజు" అన్నది ఆమె పొయ్యిలోకి చూస్తూ. "రెండు కిలోలు నావి కావు. అవి తీసేసి ఇవ్వండి."

ఇరవై నాలుగు కిలోలకు నూట తొంబదిరెండు రూపాయలు. అంత డబ్బు చేతిలో లేక ఇంటికి వెళ్ళి తెచ్చాము. తిరిగి వచ్చేసరికి గుమ్మము దగ్గర చాప వేసి ఉంది.