ఐర్లాండ్ ఓడలు, పాలమూరు బస్సులు

పోస్టు పొడుగైంది, ఓపికగా చదవండి. అన్నాచెల్లెళ్లం ఇద్దరం కూర్చొని రాసినం.

డిగ్రీలో యూరప్ చరిత్ర చదివేటప్పుడు ఐర్లాండ్ కరువు పాఠం వచ్చింది. 1845లో అక్కడ ఆలుగడ్డ పంటకు తెగులు తగిలింది. 1852 దాకా కరువు వదల్లేదు. సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఇంకో పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశం దాటిపోయారు. మొదట మాకు నవ్వొచ్చింది. ఆలుగడ్డ పోతే దేశం ఖాళీ అయితదా? ఇంకో పేజీ చదివితే నవ్వు ఆగింది. భూమి దొరలది. పేదోనికి కౌలుకు మిగిలింది చిన్న చెక్క. అంత కొంచెం నేలల ఇంటిల్లిపాదికి కడుపు నింపేది ఆలుగడ్డ ఒక్కటే. ధాన్యం పండినా అది కిరాయి కిందికే పోయేది. జనం చస్తున్న రోజుల్ల కూడా ఆ దేశం నుంచి ధాన్యం ఓడలు ఇంగ్లండుకు పోయినయ్.

ఇది మనకు తెలిసిన కథే కదా అనిపించింది.

మాది దేవరకొండ దిక్కు తండా. కృష్ణ మనకు దూరమేం కాదు. 1955లో పునాది వేసి 1967కు నాగార్జునసాగర్ కట్టిండ్రు. నీళ్లు కాలువల పొంటి కిందికి పోయినయ్, ఎత్తు మీద ఉన్న మన తండాలు వాన కోసం మొగులు చూసుకుంటనే ఉన్నయ్. దేశంల ఎక్కడ డ్యాం కట్టినా మట్టి మోసింది పాలమూరు లేబర్ అని పెద్దలు చెప్తరు. అంతకుముందు మన ముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసేటోళ్లు. పంతొమ్మిదో శతాబ్దంల రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బతుకు పోయింది. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చి, తిరిగే జాతులను దొంగల లెక్క చూసిండ్రు. ఐర్లాండోళ్లు ఓడలెక్కిన శతాబ్దంలనే మనోళ్ల ఎడ్లు ఆగిపోయినయ్.

ఇప్పుడు మా ఇంటి ముచ్చట. మూడు బోర్లు వేసినం, మూడూ దుమ్మే లేపినయ్. దసరా ఎల్లంగనే మేస్త్రీ వచ్చిండు. బాపు, యాడి ఇద్దరి మీద ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చిండు. పుణెల బిల్డింగు పని. తమ్మునికి అప్పుడు ఆరు నెలలు. యాడి తట్ట మోస్తుంటే వాన్ని చూసేదెవరు? మా ఇద్దరిల ఒకరు పోవాలె. "పోరగాడు హాస్టల్లనే ఉండనీ, పిల్లను తీస్కపోదాం" అన్నడు బాపు. దాది ఒక్కతే వద్దని కొట్లాడింది. ఎవరూ వినలేదు. ఆరో తరగతి నడుమల చెల్లె బస్సెక్కింది. ఆ చదువు రెండేండ్లు ఆగింది.

ఐర్లాండ్ల ఓడెక్కే ముందు రాత్రి ఇంటిల్లిపాదీ చుట్టాలతో కూడి ఏడ్చేటోళ్లట, చచ్చిపోయినోళ్లకు ఏడ్చినట్టే. పోయినోళ్లల్ల ఎక్కువమంది మళ్లీ రాలేదు. మన దగ్గర పెండ్లిపిల్లను సాగనంపేటప్పుడు అట్ల ఏడుస్తరు. బస్సుకు మాత్రం ఎవరూ ఏడ్వలేదు. మృగశిరకు వస్తరు కదా అన్నరు.

పుణెల రేకుల షెడ్డు. తమ్మున్ని ఖాళీ సిమెంటు సంచి మీద పండబెట్టి, చెల్లె తన పాత నోటుబుక్కుల రోజుకో గీత గీసేది. బాపుకో గీత, యాడికో గీత. జ్వరమొచ్చిన రోజుకు సున్న. ఎవరూ చెప్పలేదు, ఊసుపోక గీసింది.

వానలకు తిరిగొచ్చినంక మేస్త్రీ లెక్క చెప్పిండు. అడ్వాన్సు ఇంకా తీరలేదట, మళ్ల దసరాకు రావాలెనట. బాపుకు చదువు రాదు. తలకాయ ఊపబోయిండు. మేమిద్దరం నోటుబుక్కు తెచ్చి గీతలు లెక్కబెట్టినం. ఇద్దరివి కలిపి పంతొమ్మిది రోజుల పని ఆయన పుస్తకంల లేదు. మేస్త్రీ గులిగిండు. "చిన్నపిల్ల గీతలు లెక్కనా?" అన్నడు. దాది వాకిట్ల కూర్చొని, లెక్క తేలిందాక లేవనన్నది. ఆఖరికి సగం ఒప్పుకున్నడు. బాకీ పూర్తిగా తీరలేదు గాని, మరుసటి ఏడు బాపు ఒక్కడే పోయిండు. యాడి ఇంటికాడ ఉన్నది. ఆ పై ఏడు చెల్లె కస్తూర్బా బడిల చేరింది.

తర్వాత చదివితే తెలిసింది. ఆ రోజుల్ల అమల్ల ఉన్న 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కూలీకి ఫొటో ఉన్న పాసుబుక్కు ఇయ్యాలె. కూలి, కోతలు దాంట్ల రాయాలె. తరలింపు భత్యం కింద నెల కూలిల సగం అదనంగా ఇయ్యాలె, అది తిరిగి పట్టుకోవద్దు. మా తండాల పాసుబుక్కు చూసినోళ్లు ఒక్కరు లేరు.

ఆ పాఠంల మమ్మల్ని కదిలించింది ఇంకోటి ఉంది. 1847లో అమెరికాలోని చోక్టా అనే ఆదివాసులు ఐర్లాండ్ కరువు సంగతి విని 170 డాలర్లు పోగుచేసి పంపిండ్రు. 1831 నుంచి వాళ్లనే సొంత నేల మీదికెళ్లి సర్కారు తరిమింది. దారిల వేలమంది చచ్చిపోయిండ్రు. ఐర్లాండోళ్లు మర్చిపోలేదు. 2017లో మిడిల్టన్ ఊర్ల ఈకల ఆకారంల ఉక్కు స్మారకం ఆవిష్కరించిండ్రు. 2020ల కరోనా వచ్చినప్పుడు నవాహో, హోపి ఆదివాసుల కోసం ఐర్లాండ్ నుంచి మస్తుమంది విరాళాలు పంపిండ్రు. అదే ఏడు లాక్‌డౌన్‌ల మనోళ్లు ముంబై నుంచి పిల్లలను భుజాల మీద ఎత్తుకొని నడిచొచ్చిండ్రు.

అందుకే గ్రూపుల మూడు మాటలు అడుగుతున్నం. దసరాకు బస్సెక్కే ప్రతి ఇంటికీ ఒక నోటుబుక్కు ఇద్దాం, గీతలు గీసుడు నేర్పుదాం. పసిపిల్లను చూసుకోనీకి బడిపిల్లను తీస్కపోతున్నరని తెలిస్తే ముందే పోయి మాట్లాడుదాం, హాస్టల్ సీటు అడుగుదాం. మీ దాదిని, తాతను కూర్చోబెట్టి ఏ ఏడు ఏ ఊర్ల ఏం కట్టిండ్రో రాసి ఇక్కడ పెట్టండి. చెంచు తమ్ముళ్లు కూడా మీ పెద్దల ముచ్చట్లు రాయండి.

చెల్లె నోటుబుక్కు ఇప్పటికీ మా ట్రంకు పెట్టెల ఉంది. ఎవరికన్నా గీతల పద్ధతి చూడాలంటే ఫొటో పెడతం.

జై సేవాలాల్.