బల్ల ఎత్తు

మా ఇంట్లో ఒక టేకు బల్ల ఉంది. పాఠాలు రాసుకునేందుకు మా కొలతకు తగినట్లు వడ్రంగి చేత చేయించుకున్నాము. ఎత్తు 30 అంగుళాలు. మాది ఆరడుగులకు కాస్త తక్కువ ఎత్తు. మా అబ్బాయిదీ అంతే. అతడు ఆ బల్ల మీదే కంప్యూటరు పెట్టుకొని రెండేళ్ళు ఉద్యోగం చేశాడు. ఒక్కనాడూ మెడనొప్పి మాట ఎత్తలేదు. అతడు వేరు కాపురం పెట్టిన తరువాత మా అమ్మాయి అదే కుర్చీలో కూర్చొని పుస్తకాలు టైపు చేసే పని చేపట్టింది. నాలుగు నెలలు గడవకముందే కుడిచేయి పైకెత్తి జడ వేసుకోలేని స్థితికి వచ్చింది.

మేము సహనం గురించి చెప్పాము. "మీ అన్న ఇక్కడే కూర్చోలేదా?" అని కూడా అన్నాము. శరీరానికి మనపై హక్కు ఉన్నదని ఏటా హదీసు పాఠంలో బోధించే నోరే ఆ మాట అన్నది.

"భాయ్‌జాన్ పాదాలు నేలకు ఆనుతాయి అబ్బా, నావి ఆనవు" అన్నది అమ్మాయి.

వంగి చూస్తే నిజమే. ఆమె ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళాలు. టేపు తెచ్చి కొలిచాము. కుర్చీ ఎత్తు 18 అంగుళాలు; ఆమె మోకాలి మడత నుండి మడమ దాకా 15. కూర్చున్నప్పుడు మోచేయి నేలకు 26 అంగుళాల ఎత్తున ఉన్నది, బల్ల 30. అంటే రోజంతా భుజాలు పైకెత్తి పట్టుకొనే టైపు చేస్తున్నది! పైగా కీబోర్డుకు కుడిపక్కన అంకెల మీటలు. వాటికి ఆవల మౌసు. వెడల్పాటి భుజాలవారికి అది చేతికి ఎదురుగానే ఉంటుంది. సన్నని భుజాలవారు చేయి పక్కకు చాచి గంటల తరబడి అలాగే ఉంచాలి. మీటను నొక్కే బలం అందరికీ ఒకటే, కాని చిన్న చేయి తన శక్తిలో ఎక్కువ పాలు దానికి ఖర్చుపెట్టాలి.

ఇది ఆడపిల్ల అయినందువల్లనా, పొట్టి అయినందువల్లనా? చాలావరకు కొలతే కారణమని మా అభిప్రాయం. పొట్టి మగవాడిని కూర్చోబెట్టినా ఆ బల్ల అలాగే బాధిస్తుంది. అయితే స్త్రీలలోనే అటువంటి దేహాలు ఎక్కువ. కంప్యూటరు పనివారిలో మెడ, భుజాల నొప్పి స్త్రీలకే అధికమని అనేక దేశాల సర్వేలలో తేలింది. మరొక సంగతి కూడా ఉన్నది. మా అబ్బాయి కంప్యూటరు ఆపి నడుము వాల్చేవాడు. అమ్మాయి కంప్యూటరు ఆపి రొట్టెల పిండి కలిపేది. ఆ భుజానికి విశ్రాంతి ఎక్కడిది?

కుర్చీని నాలుగు అంగుళాలు ఎత్తించాము. పాదాల కింద ఏడు అంగుళాల చెక్కపీట వేశాము. అంకెల మీటలు లేని చిన్న కీబోర్డు కొన్నాము. మౌసు మూడు అంగుళాలు దగ్గరకు వచ్చింది. రొట్టెల పిండి ఇప్పుడు మేము కలుపుతున్నాము, గుండ్రంగా ఒత్తడం ఇంకా రాలేదు. నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు.

పోయిన వారం ఆ టేపునే మదరసాకు తీసుకువెళ్ళాము. బాలికల కంప్యూటరు గదిలో బల్లలన్నీ 30 అంగుళాలే. ఆనాడు వడ్రంగికి ఆ కొలత చెప్పినది మేమే. పన్నెండు పీటలకు చెక్క తెప్పించాము.