ఏ యంగమునకు ఏ వ్యాయామము?

వ్యాయామమనగానే మన బాలురకు ముందుగా స్ఫురించునవి దండీలు. అరచేతులు నేల నూని, తల మొదలు మడమల వరకు దేహమును బిగించి, మోచేతులు వంచి, రొమ్మును నేల దాపునకు దించి లేపుటయే దండీ. దీనికి ధనము వలదు, సాధనము వలదు. దేహమే బరువు, ఆ బరువు నెత్తునదియు దేహమే. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిమ్మట సర్కసు నడపి కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారు 1942లో దివంగతులైరి. నేటికిని వారి కథ విన్న బాలురు మరునాడే దండీలు మొదలిడుట తెనాలిలోను, బాపట్లలోను, రేపల్లెలోను నేను చూచితిని.

పది దినములైన పిమ్మట వారు చొక్కా చేతులు పైకి మడచుకొని తిరుగుదురు. అద్దములో కనబడునవి రొమ్మును జబ్బలును గదా! వీపు కనబడదు, పిక్కల నెవ్వరును అడుగరు. తెనాలిలో ఒక బాలుడు నలువది దండీలు తీయుచుండెను గాని, మూడంతస్తుల మెట్లెక్కి ఆయాసపడి కూర్చుండెను.

రేపల్లెలో పనిచేయునపుడు నేను నల్లబల్లపై మనిషి బొమ్మలు రెండు గీచితిని: ఒకటి ముందువైపు, ఒకటి వెనుకవైపు. ఏ వ్యాయామము ఏ కండకు పని కల్పించునో అచ్చటనే వ్రాయుడని పిల్లలకు సుద్దముక్క నిచ్చితిని. దండీలు రొమ్ముకడను, భుజములకడను, జబ్బ వెనుకను చేరినవి. బస్కీలు తొడలకును పిరుదులకును పోయినవి. గుంజీ లెక్కడ వ్రాయవలెనని యొకడు నవ్వుచు నడిగెను. అవియు తొడలకే! చెవులు పట్టించి శిక్షగా తీయించుటవలన పాపము ఆ వ్యాయామమునకు చెడ్డపేరు వచ్చినది. శారీరక దండనను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది గనుక, ఇకనైన గుంజీలను ఇష్టముతో తీయవచ్చును. మునివ్రేళ్లపై లేచుట పిక్కలకు. వెల్లకిల పరుండి కాళ్లు మెల్లగా లేపుట పొట్టకు.

వెనుకవైపు బొమ్మకు వీపు మాత్రము ఖాళీగా మిగిలెను. కారణము విచారింపుడు. నేలను మనము నెట్టగలము గాని లాగలేము. లాగుటకు పైన నొక ఆధారము కావలయును. బడి ఆవరణలోని వేపకొమ్మ అందులకు పనికివచ్చెను. కొమ్మను పట్టి, గడ్డము దానికి మీదగునట్లు దేహమును లాగుకొన్నచో వీపు పైభాగమును జబ్బ ముందరి కండయు పనిచేయును. నడుమునకు శలభాసనము: బోర్ల పరుండి రొమ్మును, కాళ్లను లేపుట.

ఇట్లు విభజించుటలో మరియొక లాభము గలదు. నేడు చేతులకు పని, రేపు కాళ్లకు. ఒకటి శ్రమించుచుండగా వేరొకటి సేదదీరును. పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములు చురుకుగా కదలవలెననియు, అందు వారమునకు కనీసము 3 దినములు కండలను ఎముకలను బలపరచు వ్యాయామ ముండవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఆ బొమ్మలయెదుట చాలసేపు నిలిచెను. సెలవులలో తల్లితో వరినాట్లకు పోవునది. “మాస్టారూ, పొద్దంతా వంగి నాట్లేసిన వాళ్లకు ఇందులో ఏముందండీ?” అని అడిగెను. దండీల లెక్కలు చెప్పుకొను బాలురు ఊరకుండిరి.

నేనామెచేతనే సుద్దతో గుర్తులు పెట్టించితిని. నాట్లలో నడుమును తొడల వెనుకభాగమును దినమంతయు దేహభారమును మోయును. కాళ్లు బురదను పెకలించుచు నడచును. వానికి మరల బస్కీలేల? కావలసినది వంగుటకు ఎదురైన కదలిక. బోర్ల పరుండి, చేతు లూని, నొప్పి కలుగనంత మేరకే రొమ్మును మెల్లగా లేపి దించుమంటిని. వేపకొమ్మను పట్టి వ్రేలాడు మంటిని.

మొదట ఆమె పది అంకెలు లెక్కించునంతసేపు వ్రేలాడెను. పిమ్మట పీటపై నిలిచి, గడ్డము కొమ్మకు మీదగునట్లు ఎగిరి పట్టుకొని, మెల్లమెల్లగా దిగుట నేర్చెను. దిగుటలోను కండ బలపడును. శ్రావణమాసమున మొదలిడినది, పీట లేకయే క్రిందినుండి దేహమును లాగుకొని గడ్డమును కొమ్మ దాటించుటకు సంక్రాంతి వచ్చెను. ఆనాడు ఆమె దిగివచ్చి, అరచేతుల కంటిన బెరడును దులుపుకొని, పీటను ప్రక్కనున్న చిన్నపిల్లవైపు జరిపెను.