బిళ్ళా, బువ్వా

కొందరు తపాలా బిళ్ళలు పోగుచేస్తారు. నాది దానపతకాల పిచ్చి. జపానులో 1918 నుంచి, ప్రజల మేలుకోసం సొంత సొమ్ము ఇచ్చినవారికి ముదురు నీలం రిబ్బనుతో వెండి పతకం ఇస్తున్నారు. అలాంటి పాతది ఒకటి నా బీరువాలో ఉంది. పతకం చేతులు మారి వచ్చింది గానీ, వెంట కథ రాలేదు.

మన కర్నూలు సీమలో సంగతి వేరు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమంది ఆకలి తీర్చాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళెందరో గానీ, ఆయన పాట మాత్రం జనం నోళ్ళలో నిలిచింది.

మొన్న మా ఊరి తాత ఒకాయన నా జపాను బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బంగారేనా నాయనా?”

“వెండే తాతా.”

“సరే, ఇది తీసుకున్నాయన ఎంతమందికి బువ్వ పెట్టినాడంట?”

బిళ్ళ ఎంతకు కొన్నానో అడిగితే ఠక్కున చెప్పేవాణ్ణి!