పొడి డబ్బా కొనేముందు ఒక పేజీ చదవండి

సుమ్మాదేవిలో రైలెక్కినా, పలాసలో దిగినా మన ఉద్దానంలో కిడ్నీ మాటే. ఎవరో ఒకరు ఫోన్ తీసి "ఈ పొడి తింటే క్రియాటినిన్ దిగిపోద్ది" అంటారు. మన దగ్గర ఈ జబ్బు ఎందుకొస్తోందో శాస్త్రవేత్తలే ఇంకా ఖాయంగా తేల్చలేదు. అలాంటప్పుడు పొడి అమ్మేవాడికి ఎలా తెలిసింది? అది నమ్మి డయాలిసిస్ మానేస్తే ప్రాణం మీదకొస్తుంది.

అమెరికా ప్రభుత్వ జాతీయ వైద్య గ్రంథాలయం 'మెడ్‌లైన్‌ప్లస్' అనే సైటు నడుపుతోంది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలుండవు, ఏదీ అమ్మరు. ఇంగ్లీషులో ఉంటాది గానీ కాలేజీ పిల్లలచేత చదివించుకోవచ్చు.

అందులో మనకి పనికొచ్చేవి చూడండి. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ బాధా చూపించదు, రక్తం, మూత్రం పరీక్షల్లోనే తెలుస్తుంది. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ మూడు నెలలకి పైగా 60 కంటే తక్కువుంటే జబ్బు ఉన్నట్టే లెక్క. జీడిపిక్కలు ఏరే రోజుల్లో నడుంనొప్పికి మింగే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీకి చేటు.

చదివి సొంత వైద్యం మాత్రం చెయ్యకండి. అనుమానాలు కాగితం మీద రాసుకుని, రిపోర్టులు పట్టుకెళ్ళి పలాస కిడ్నీ ఆసుపత్రిలో డాక్టరుగారిని అడగండి.