కందెన

మొన్న సోమవారం యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర ఒక షెడ్డులో నాకు ఒళ్లు మండింది. బండి ఇంజన్ ఇంకా ఆపలేదు. బానెట్ ఎత్తలేదు. ఆయిల్ గేజి తీసి చూడలేదు. కుర్రాడు వెనక సైలెన్సర్ వైపు ఒక్క చూపు చూసి, "ట్వంటీ ఫిఫ్టీ పోస్త సార్. చిక్కగుంటది, పొగ బందైతది. పాత బండ్లకు గదే మంచిగ" అనేశాడు. నాడి పట్టుకోకుండా మందు రాసిచ్చే డాక్టరు ఎదుట కూర్చున్నట్టనిపించింది. ఇంజన్ ఆపి, కాసేపాగి, "ముందు గేజి తియ్యి తమ్ముడూ" అన్నాను. తీశాడు. రెండు నెలల కిందట పైగీత దాకా పోసిన ఆయిల్ దానికి వెంట్రుకవాసి దిగువన ఉంది. అంటే ఇంజన్ ఆయిల్ తాగడం లేదు. తాగని ఇంజన్‌కి చిక్కటి ఆయిల్ ఎందుకు?

నాది 1996 మోడల్ మారుతి 800. తెల్లది. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటర్ బండి. దాని నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ అనే ఉంటుంది. తెలంగాణ వచ్చాక కొన్న బండ్లకు టీఎస్ పడింది, 2024 నుంచి టీజీ పడుతోంది. మారుతి 800 తయారీ 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగిపోయింది. మళ్లీ కొత్తది దొరకదు కాబట్టి ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి. ఇంతవరకూ దానికి బోరింగు చేయించలేదు. ఈ మాట నేను గర్వంగానే చెబుతాను.

పొగ సంగతి మాట్లాడేముందు అది ఎప్పుడొస్తోందో చూడాలి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలంగా ఒక్క దమ్ము వదిలి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. రాత్రంతా ఆయిల్ ఆ సందుల్లోంచి చుక్కచుక్కగా దిగి పొద్దున్నే కాలుతుంది. అలా కాకుండా ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పొగ కొడితే రింగులు అరిగినట్టు. సీళ్లయితే మార్పించుకోవచ్చు, రింగులైతే ఇంజన్ విప్పాలి. చిక్కటి ఆయిల్ ఈ రెండు జబ్బుల్నీ కొన్నాళ్లు దాచిపెడుతుంది. ఆ దాచిపెట్టడమే నాకు నచ్చదు.

డబ్బా మీద 20డబ్ల్యూ-50 అంటూ ఉండే అంకెలు చాలామందికి సినిమా టికెట్ మీది సీటు నంబర్లలా కనిపిస్తాయి. వాటికి అర్థం ఉంది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఇంజన్ ఎంత తేలిగ్గా తిరుగుతుందో చెబుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర. మన యూసుఫ్‌గూడలో డిసెంబరు తెల్లవారుజామున కూడా ఆ చలి ఎక్కడిది? ఇక వెనక అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్స్ లోపు, 40 అంటే అక్కడినుంచి 16.3 లోపు, 50 అంటే ఇంకా పైన. కొత్త కార్లకు పోసే 0డబ్ల్యూ-20ని మా మేనల్లుడు నా బండికీ పొయ్యమంటాడు. ఆ ఇంజన్ల బేరింగుల సందు వేరు, ఆయిల్ పంపు వేరు. వాడికి ఎన్నిసార్లు చెప్పినా వినడు. నేను పోసేది 15డబ్ల్యూ-40. ఎండాకాలం ట్రాఫిక్‌లో బాగా వేడెక్కి, ఐడ్లింగులో ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం 50కి వెళ్లడంలో తప్పులేదు. అప్పుడు బేరింగులు అరిగి ప్రెషరు నిలవడం లేదు కాబట్టి దానికి కారణం ఉంది. కారణం లేకుండా వెళ్లడమే తప్పు.

అయితే ఏ ఆయిల్ పోశామన్నదానికంటే ఎప్పుడు మార్చామన్నది పెద్ద మాట. ఈ మాట నేను పాతికేళ్లుగా చెబుతున్నాను, వినేవాళ్లు తక్కువ. "ఐదు వేల కిలోమీటర్లు తిరగలేదు కదండీ" అంటారు. యూసుఫ్‌గూడ బస్తీ నుంచి కృష్ణానగర్‌కి, అక్కణ్ణుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకి, మళ్లీ ఇంటికి. మొత్తం కలిపితే నాలుగైదు కిలోమీటర్లు. మెట్రో స్తంభాల కింద అరగంట నిలబడ్డ సంగతి మీటరు మీద పడదు. ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అంతకంటే ముఖ్యమైంది ఇంకొకటుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్లోంచి పోతుంది. కొంత రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. దూరప్రయాణంలో ఇంజన్ బాగా కాగి ఆ తేమ ఎగిరిపోతుంది. చిన్న దూరాల్లో అది పోయే వీలే లేదు. వానాకాలంలో ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. మీగడలా లేతపసుపు జిగురు అంటుకుని ఉంటుంది. ఆ తేమే. అది కాలిన గ్యాసుతో కలిసి యాసిడ్‌గా మారి బేరింగులను తినేస్తుంది. అందుకే తక్కువ తిరిగే బండికి నెలలు లెక్కపెట్టాలి గానీ కిలోమీటర్లు కాదు. నేను ఆరు నెలలకోసారి మారుస్తాను, ఫిల్టరుతో సహా. డ్రైన్ నట్టుకి కొత్త వాచరు వేయించకుండా షెడ్డులోంచి కదలను.

ఒక సర్వీసు సెంటరువాళ్లు నాకు చేసింది మాత్రం ఇప్పటికీ మరవలేదు. 2011లో. ఆయిల్ మార్చమని ఇచ్చి వెళితే, అడగకుండానే ఇంజన్ ఫ్లష్ అని ఒక సీసా ఒంపి, తిప్పి, వంచేశారు. బిల్లులో దానికి వేరే లైను. పదిహేనేళ్ల బండిలో గోడలకు పట్టి, ఎవరి జోలికీ పోకుండా పడున్న మడ్డి అంతా ఒక్కసారి ఊడొచ్చింది. ఊడిన మడ్డి సంపులో జల్లెడకు అడ్డం పడింది. మూడో రోజు కృష్ణానగర్ మలుపు దగ్గర ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. ఆ క్షణంలోనే తాళం తిప్పేశాను కాబట్టి ఇంజన్ దక్కింది. అక్కణ్ణుంచి తాడు కట్టి లాక్కొచ్చి సంపు దింపిస్తే, జల్లెడ నిండా నల్లటి ముద్ద, కాటుక డబ్బాలో వేలు పెట్టినట్టు. వాళ్ల దగ్గరికి వెళ్లి చూపిస్తే, "పాత బండి కదా సార్, అమ్మేయండి" అన్నారు. తప్పు చేసిన చేత్తోనే ఉచిత సలహా. ఆ సెంటరు ముందునుంచి వెళ్లాల్సొస్తే ఇప్పటికీ మరో దారి పడతాను.

ఆయిల్ అంటే మనకు పరాయి వస్తువేమీ కాదు. తెలుగులో దానికి కందెన అని మంచి మాట ఉంది. ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో గడ్డి మసి కలిపి రాసేవాళ్లు. కందెన గొట్టం బండి కిందే వేలాడుతుండేది. కాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరు కాస్టర్ ఆయిల్ లోంచి పుట్టిందే. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట చేలల్లో ఆముదాలు పండించిన రైతు, తన గింజకీ ఆ డబ్బాకీ ఉన్న చుట్టరికం తెలియకుండానే బతికాడు.

కందెన అనే మాటను ఇంజన్ ఆయిల్‌కి వాడిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. మద్రాసు నుంచి సినిమావాళ్లతోపాటు వచ్చి కృష్ణానగర్‌లో స్థిరపడ్డ డ్రైవరు. సినిమా కంపెనీ అంబాసిడర్ ఆయన చేతిలో ఉండేది. 1489 సీసీ పాత పెట్రోలు ఇంజన్. పొద్దున్నే ఐదింటికి బానెట్ ఎత్తి, గేజి తీసి, భుజం మీది తువ్వాలు అంచుతో తుడిచి, మళ్లీ ముంచి తీసేవాడు. కొసన ఉన్న చుక్కను పేపరు మార్జిన్ మీద వేసి, ఆ ముక్కను సీటు కింద పెట్టేవాడు. సాయంత్రం ప్యాకప్ అయ్యాక తీసి చూసేవాడు. మచ్చ మధ్యలో నుంచి అంచుదాకా ఒకే తీరుగా పాకితే ఇంకా పనికొస్తుంది. నలుపు నడిమధ్యే గడ్డకట్టి, చుట్టూ తేటగా వలయం మిగిలితే ఆ రాత్రే మార్చేసేవాడు.

1987లో ఆయన బండిలో మద్రాసు వెళ్లాను, నెగెటివ్ డబ్బాలతో. రాత్రి ఒంటిగంటకు ఒంగోలు దాటాక ఆపాడు. బానెట్ ఎత్తాడు, గేజి మీద చెయ్యి వెయ్యలేదు. వెనక సీట్లో ఉన్న కంపెనీ మేనేజరుగారు, "ఏమయ్యా, ఇంకెంతసేపు?" అన్నారు.

"పైన ఉన్న కందెన కిందికి దిగాలండి. పది నిమిషాలు" అన్నాడు.

దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. ఇంజన్ టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది. లారీలు తగ్గాయి. పొగాకు బ్యార్నీల వైపు నుంచి ఘాటు వాసన వస్తోంది. ఆయన తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, తూర్పు వైపు చూస్తూ, సముద్రం ఇక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు బాబూ, గాలి ఆగితే వినపడుతుంది అన్నాడు. మేం ముగ్గురం గాలి ఆగేదాకా మాట్లాడకుండా నిలబడ్డాం.